ప్రొఫార్మా ఏడు ప్రకారం భుజబంధం

ప్రభుత్వాధికారి చెయ్యి పట్టుకోవడం ఎంత పెద్ద విషయమో తెలియక, మట్టపర్తి చిట్టెమ్మ ఒక సోమవారం పొద్దున మా ఉపసంచాలకులు సుదర్శనం గారి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది కూడా ఎడమచేత్తోనే. కుడిచెయ్యి అప్పటికే భుజం దగ్గర విరిగి, మెడకు కట్టిన పాత చీరముక్కలో వేలాడుతోంది.

"బాబ్బాబు, ఒక్క సంతకం ఎట్టేయండి" అంది. అంతే జరిగింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను కాబట్టి సాక్ష్యం చెప్పగలను.

సుదర్శనం గారు ఆ మధ్యాహ్నమే పై కార్యాలయానికి నివేదిక పంపారు. "గుర్తు తెలిసిన మహిళ ఒకరు, విధి నిర్వహణలో ఉన్న అధికారి యొక్క సంతకపు హస్తముపై అనధికారిక నియంత్రణ సాధించుటకు ప్రయత్నించినది. సదరు హస్తమునకు నష్టము వాటిల్లలేదు. అయితే వాటిల్లియుండవచ్చును" అని అందులో రాశారు. డిక్టేషన్ తీసుకున్నది నేనే. చివరి వాక్యం దగ్గర ఆయన కాస్త ఆగి, కిటికీలోంచి బయటకు చూసి, చాలా తృప్తిగా చెప్పారు.

మాది ధ్రువపత్రాల పునఃధ్రువీకరణ శాఖ. మీ దగ్గరున్న ధ్రువపత్రం నిజమైనదేనని ఇంకో ధ్రువపత్రం ఇవ్వడం మా పని. ఇలాంటి శాఖ ఎందుకు పుట్టిందని అడక్కండి. నేను, అంటే కొంపెల్ల కామేశం అనే సీనియర్ అసిస్టెంటుని, తణుకు డివిజన్ కార్యాలయంలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఉన్నాను, నాకే తెలీదు.

చిట్టెమ్మ సంగతి చెప్పాలి. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. జూన్ నెలలో అన్నం గుండిగ దించుతూ జారిపడి భుజం విరగ్గొట్టుకుంది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ ఉచితంగా చేస్తామన్నారు గానీ, ఆమె ఆరోగ్య కార్డులో వయసు నలభై మూడు, ఆధార్లో యాభై ఎనిమిది. ఇద్దరూ ఒకరేనని మా శాఖ పత్రం ఇస్తే తప్ప మంచం ఇవ్వరు. డిసెంబరు దాటితే ఎముక అలాగే అతుక్కుపోయి, ఆ చెయ్యి ఇక జన్మలో పైకి లేవదని డాక్టరు చెప్పాడట.

మా పత్రం కావాలంటే దరఖాస్తు మీద సంతకం పెట్టాలి. కుడిచెయ్యి కదలదు కాబట్టి ఆమె ఎడమ బొటనవేలి ముద్ర వేసింది. అది చెల్లదు. సర్క్యులర్ నలభై ఒకటి ప్రకారం, పాత రికార్డులో సంతకం ఉన్నవారు సంతకమే చేయాలి, అదీ పాత సంతకంతో సరిపోవాలి. చెయ్యి పనిచేయడం లేదంటే, ఆ సంగతి ధ్రువీకరించమని కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దరఖాస్తు మీద సంతకం చేయాలి.

"మరేం చెయ్యమంటారండి గుమాస్తాగారూ?" అని అడిగింది.

"భుజం బాగయ్యాక వచ్చి సంతకం పెట్టమ్మా" అన్నాను. ఎంత మర్యాదగా అన్నానో నాకిప్పటికీ గుర్తే. కుర్చీ కూడా చూపించాను. ఆలోచిస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది, కానీ ఆ రోజు మండలేదు.

అప్పట్నించీ ప్రతి సోమవారం వచ్చి, కౌంటరు చెక్క మీద ఎడమ అరచేత్తో రెండుసార్లు తట్టేది. నేను తలెత్తేవాణ్ణి. "ఏవైనా మారిందేటండి?" అనేది. "లేదమ్మా" అనేవాణ్ణి. వెళ్లిపోయేది.

ఇలా ఉండగా సుదర్శనం గారి నివేదిక రాజధానికి చేరింది. అది వెళ్లేసరికి మా కమిషనర్ గారు ఉత్తమ పాలనా విధానాల అధ్యయనానికి మూడు రోజులు విదేశం వెళ్లి వచ్చి ఉన్నారు. ఆయన బస చేసిన హోటలు నేలమాళిగలో తెల్లబట్టలు కట్టుకున్న జనం ఒకరి మీద ఒకరు పడి దొర్లుతుంటే చూశారట. దాని పేరు బ్రెజిలియన్ జుజుత్సు అని ఎవరో చెప్పారు. అధ్యయనంలో ఆయనకు అర్థమైనది అదొక్కటే కాబట్టి దాన్నే అమలు చేశారు.

ఉత్తర్వు ఇలా వచ్చింది: "సంతకపు హస్త పరిరక్షణ పథకము క్రింద, శాఖలోని ప్రతి ఉద్యోగియు, వెల్లకిలా పరుండి, విస్తృత పాద స్థితి నుండి ప్రత్యర్థి యొక్క భుజ నిర్బంధమును గావించుట యందు ఉత్తీర్ణులు కావలెను. ఉత్తీర్ణులు కానివారి పదోన్నతులు నిలిపివేయబడును." ఆ విద్యలో పట్లు వందలున్నాయట. ఈ ఒక్కటే ఎందుకంటే, కమిషనర్ గారు కిందకి దిగిన సాయంత్రం వాళ్లు అదే చేస్తున్నారు.

సూపరింటెండెంటు సీటు కోసం పదకొండేళ్లుగా చూస్తున్నాను. ఆ సీటు వెనక కిటికీ ఉంది, పైన ఫ్యాను ఉంది, పక్కన ఎవరూ లేరు. దానికీ నాకూ మధ్య ఇప్పుడు ఎవరిదో భుజం అడ్డొచ్చింది.

నేర్పడానికి భీమవరం నించి ఇమ్మానుయేల్ అనే మాస్టారిని పంపారు. టైర్ల కొట్టు పక్కన చిన్న హాల్లో పిల్లలకి ఈ విద్య నేర్పుతాడు. సన్నగా, మెత్తగా, బ్యాంకులో పనిచేసేవాడిలా ఉంటాడు. ప్రభుత్వం పంపాల్సిన రబ్బరు పరుపులు టెండరు దశలో ఉన్నాయి కాబట్టి, మీటింగు హాల్లోని జంపఖానా తెచ్చి కౌంటరు వెనకున్న హాల్లో పరిచాం. మహిళా ఉద్యోగులకు మేడ మీద ఇంకో జంపఖానా వేశారు.

"సార్లందరూ వెల్లకిలా పడుకోండి" అన్నాడు ఇమ్మానుయేల్. ఆఫీసులో పడుకోవడం మా వాళ్లకి కొత్త కాదు గానీ, ఉత్తర్వు మీద పడుకోవడం కొత్త.

పట్టు ఇదీ. ఎదుటివాడు మోకాళ్ల మీద మన ముందుంటాడు. మనం వెల్లకిలా పడుకుని, కాళ్లు విడదీసి, పాదాలు అతని నడుముకు ఆనించాలి. అతని కుడి మణికట్టు పట్టుకుని లాగి, మన నడుం పక్కకి జరిపి, ఎడమకాలు అతని కుడిభుజం మీదుగా వేసి మోకాలు మడవాలి. అతను బోర్లా పడతాడు, చెయ్యి మన తొడ దగ్గర ఇరుక్కుంటుంది. మనం లేచి కూర్చుని, కుడిచెయ్యి అతని వీపు మీద వేసి, నెమ్మదిగా ముందుకు వంగితే భుజం తిరుగుతుంది.

"ఇక్కడికి సగమే అయ్యిందండి" అన్నాడు ఇమ్మానుయేల్. "భుజం తిరుగుతుంటే వాడు రెండుసార్లు తడతాడు. నేలమీదైనా తడతాడు, మీ ఒంటిమీదైనా తడతాడు. తట్టగానే వదిలెయ్యాలి. ఆలోచించకూడదు. ఇది రానోళ్లకి మొదటి సగం నేర్పకూడదండి, ఆయ్."

మా రికార్డు అసిస్టెంటు గుబ్బల ఏడుకొండలు పడుకునే చెయ్యెత్తాడు. "తట్టగానే వదిలెయ్యడవంటే... ఎవర్నీ అడక్కుండానేనా అండి?"

"ఎవర్నడగాలండి?"

హాలంతా ఇబ్బందిగా కదిలింది. ఎవర్నీ అడక్కుండా దేన్నైనా వదిలెయ్యడం మా శాఖ చరిత్రలో లేదు.

నాకు జోడీ ఏడుకొండలే. మనిషి బియ్యం బస్తాలా ఉంటాడు గానీ మనసు మంచిది. మణికట్టు పట్టుకున్నాను, నడుం జరిపాను, ఎడమకాలు ఎత్తి అతని భుజం మీద వేశాను. పట్టు పడింది. ఇమ్మానుయేల్ "భేష్" అన్నాడు. అదే క్షణంలో నా కుడిచెయ్యి నన్నడక్కుండా వెళ్లి, ఏడుకొండలు భుజాన్ని తాకి, నా కళ్లకి అద్దుకుంది.

ఏం చెయ్యను? సాటి మనిషికి కాలు తగిలింది, అదీ ఎడమకాలు. చిన్నప్పుడు మా నాయనమ్మ వీపు మీద నాలుగు వడ్డించి నేర్పిన పని అది.

"అయ్యయ్యో, పర్లేదండి బాబూ" అన్నాడు ఏడుకొండలు కింద నించి, తన చెయ్యి తను తీసుకుంటూ.

ఇమ్మానుయేల్ తల పట్టుకున్నాడు. "సార్, మీరు తట్టేశారండి. ఈ ఆటలో తట్టినోడు ఓడిపోయినట్టు."

పరీక్ష రోజున పరిశీలకుడు కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరి పేరుకీ ఎదురుగా ఒకే వాక్యం రాసుకుంటూ పోయాడు: "అభ్యర్థి పట్టును విజయవంతముగా సాధించి, వెనువెంటనే తానే లొంగిపోయినాడు." మా డివిజన్లో ముప్పై ఎనిమిది మందిమి. ముప్పై ఎనిమిది మందీ పట్టు వేశారు, ముప్పై ఎనిమిది మందీ కళ్లకద్దుకున్నారు, అందరూ తప్పారు. రాష్ట్రమంతటా ఇదే తంతు అని తెలిసి మాకు కాస్త ఊరట కలిగింది.

పై నించి మెమో వచ్చింది. "పాదస్పర్శ జనిత క్షమాపణ వలన పథకము యొక్క లక్ష్యము దెబ్బతినుచున్నది. కావున ఉద్యోగులందరు ప్రతి దినము ఉదయము పదిన్నర గంటలకు, ఆ దినమున జరుగబోవు సమస్త పాదస్పర్శలకును ముందస్తుగా పరస్పర క్షమాపణ గావించుకొనవలెను."

మొదటి రోజు ముప్పై ఎనిమిది మంది ముప్పై ఎనిమిది మంది భుజాలు తాకి కళ్లకద్దుకునేసరికి పదకొండుంబావు అయింది. కౌంటరు బయట నిలబడ్డ జనం ఏదో పండగనుకుని, వాళ్లూ ఒకళ్లకొకళ్లు దణ్ణాలు పెట్టుకున్నారు. ఆ రోజు సోమవారం. రెండుసార్లు చప్పుడైంది. చూస్తే చిట్టెమ్మ.

"ఏవైనా మారిందేటండి?"

"లేదమ్మా. ఇవాళ నించి ముందస్తు క్షమాపణ మొదలైంది."

"మంచిదేనండి" అంది. "ఎవరికండీ?"

నేను ఫైలు సర్దుకున్నాను.

ముందస్తు క్షమాపణ వల్ల ఉపయోగం లేకపోయింది. చేతులు మెమోలు చదవవు. కాలు తగిలితే చెయ్యి లేస్తూనే ఉంది. చివరికి ఇమ్మానుయేలే నన్ను పక్కకి పిలిచి చిట్కా చెప్పాడు. "కుడిచేతిలో ఏదో ఒకటి పట్టుకోండి కామేశం గారూ. చెయ్యి ఖాళీ లేకపోతే మర్యాద గుర్తు రాదండి." స్టాప్లర్ పట్టుకుని చేశాను. నిజమే, గుర్తు రాలేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా నా చెయ్యి ఎందుకు ఖాళీగా లేదో కూడా కొంచెం అర్థమైనట్టనిపించింది.

మళ్లీ పరీక్ష పెట్టే లోపల ఆడిట్ వాళ్లు దిగారు. వాళ్ల అభ్యంతరం ఇది: "తట్టుట అనునది మౌఖికము కాదు, లిఖితము కాదు. ఎవరు, ఎప్పుడు, ఎన్ని పర్యాయములు తట్టినారో ఆధారము లేదు. ఆధారము లేని విజ్ఞప్తిపై నిర్బంధమును తొలగించుట నిబంధనలకు విరుద్ధము."

దాంతో ప్రొఫార్మా ఏడు పుట్టింది. పేరు "లొంగుబాటు విజ్ఞప్తి". పట్టులో ఉన్నవాడు దాన్ని నింపి సంతకం చేయాలి. పట్టినవాడు తన అభిప్రాయం రాయాలి. తరువాత కార్యాలయాధిపతి సంతకంతో విడుదల ఉత్తర్వు రావాలి. అప్పటిదాకా పట్టు యథాతథంగా కొనసాగాలి.

"ఇది చదివి ఎవరైనా నవ్వారాండి?" అని ఇమ్మానుయేల్ నన్నడిగాడు. లేదన్నాను.

ప్రొఫార్మా ఏడు కింద మొదటి పట్టు నాదీ ఏడుకొండలుదీ. వాడు ముందే తెలివిగా ఫారం నింపి, సంతకం చేసి జేబులో పెట్టుకొచ్చాడు. స్టాప్లర్ పుచ్చుకుని పట్టు వేశాను. వాడు జంపఖానా మీద రెండుసార్లు తట్టి, ఎడమచేత్తో ఫారం తీసి ఇచ్చాడు. "పరిశీలించి సిఫారసు చేయడమైనది" అని రాసి అటెండరుతో సుదర్శనం గారి గదికి పంపాను. ఆయన వీడియో కాన్ఫరెన్సులో ఉన్నారు.

పావుగంటైంది. అరగంటైంది. ఏడుకొండలుకి అటెండరు టీ పట్టాడు. నేను ముందుకు వంగకుండా జాగ్రత్తగా కూర్చున్నాను గానీ, కాలు తీస్తే సస్పెన్షన్. ఖాళీగా ఎందుకని సెక్షను ఫైళ్లు తెప్పించుకుని, ఏడుకొండలు వీపు మీద పెట్టుకుని నోట్లు రాశాను. బల్ల కంటే వాటంగానే ఉంది.

చప్పుడు రెండుసార్లు. కౌంటరు మీదుగా చిట్టెమ్మ తొంగి చూసింది.

"అయ్యో, ఆ బాబుకేవైందండి?"

"ఏం కాలేదమ్మా. తట్టాడు. ఉత్తర్వు రావాలి."

ఆమె ఏడుకొండలు వైపు చాలాసేపు చూసింది. జాలిపడటానికి ఆమెకున్నంత అర్హత ఆ గదిలో ఇంకెవరికీ లేదు. "నొప్పిగా ఉందా నాయనా?" అంది.

"తిమ్మిరెక్కిందమ్మా" అన్నాడు ఏడుకొండలు.

"మొదట్లో అలాగే ఉంటాది. తర్వాత సంచీ పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలవదు. డాక్టరుగారు ఈ నెలాఖరేనమ్మా ఇంక అన్నారు." అప్పుడు నా వైపు తిరిగింది. "ఏవైనా మారిందేటండి?"

ఒక మనిషి భుజం నా కాలి కింద ఉంది, ఇంకో మనిషి భుజం నా బీరువాలో ఉంది. ఇద్దరూ తట్టారు. నాకు మొదటిసారి సిగ్గేసింది. గంటా నలభై నిమిషాలకి ఉత్తర్వు వచ్చాక ఏడుకొండల్ని వదిలాను. వాడు వారం రోజులు ఎడమచేత్తో తిన్నాడు, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

డిసెంబరు ఇరవై ఏడున కమిషనర్ గారు తనిఖీకొచ్చారు. పూలదండలు, జీడిపప్పు, ఫొటోగ్రాఫరు. జంపఖానా ఉతికించాం. ఇమ్మానుయేల్ గోడకానుకుని నిలబడ్డాడు. కమిషనర్ గారు కోటు విప్పి, చేతులు మడిచి, ఉపన్యాసం మొదలుపెట్టారు.

"మిత్రులారా! సంతకమనునది ప్రభుత్వము యొక్క శ్వాస. ఆ శ్వాసను ఎవరు ఎప్పుడు పట్టుకొందురో తెలియదు. నాయకత్వమనగా ముందుండి నడిపించుట. కావున నేడు స్వయముగా నేనే ప్రత్యర్థిగా నిలబడుచున్నాను. ఎవరు వత్తురు?"

ఎవరూ రాలేదు. కమిషనర్ భుజం మీద ఎడమకాలు వేసి బతికి బట్టకట్టిన గుమాస్తా ఎవడు? సుదర్శనం గారు హాలంతా చూసి, సీనియారిటీ జాబితా గుర్తు చేసుకుని, "కామేశం గారూ" అన్నారు. "మీ పదోన్నతి కూడా ఈ రోజే తేలిపోతుంది."

కిటికీ, ఫ్యాను, పక్కన ఎవరూ లేని సీటు. లేచాను. స్టాప్లర్ కోసం బల్ల తడిమాను, కనపడలేదు. అంతలో కౌంటరు మీద చప్పుడు రెండుసార్లు. ఆ రోజు సోమవారం కూడా కాదు. ఇంక నాలుగు రోజులే ఉన్నాయని వచ్చింది. ఏడుకొండల్ని వదిలిన రోజు బీరువాలోంచి తీసిన చిట్టెమ్మ ఫైలు బల్లమీదే ఉంది. చేతికి అందింది అదే. దాన్ని చుట్టి కుడిచేత పట్టుకుని వెళ్లి వెల్లకిలా పడుకున్నాను.

కమిషనర్ గారు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఫొటోగ్రాఫరు వంగాడు. పాదాలు నడుముకి ఆనించాను, మణికట్టు లాగాను, నడుం జరిపాను, కాలు వేశాను. ఇంత చక్కగా నా జీవితంలో ఏ పనీ చెయ్యలేదు. కమిషనర్ గారు మెత్తగా బోర్లా పడ్డారు. నేను లేచి కూర్చుని, ఫైలున్న చెయ్యి ఆయన వీపు మీద వేసి, ముందుకు ఒక్క బెత్తెడు వంగాను.

ఆయన రెండుసార్లు తట్టారు.

హాలు చప్పట్లతో మారుమోగింది. నేను కదల్లేదు. ఆయన మళ్లీ తట్టారు. ఈసారి నాలుగుసార్లు.

"వదలవయ్యా!"

"సార్, ప్రొఫార్మా ఏడు" అన్నాను.

సుదర్శనం గారు చెమటలు కక్కుతూ ఫారం పట్టుకొచ్చి, జంపఖానా మీద కమిషనర్ గారి ముక్కు ముందు పెట్టారు. "సార్, ఇక్కడ తమరి సంతకం. విడుదల ఉత్తర్వు మీద కార్యాలయాధిపతి సంతకం. తనిఖీ రోజున కార్యాలయాధిపతి కూడా తమరే సార్. ఇక్కడ."

"నా కుడిచెయ్యి ఎక్కడుందో కనపడుతోందా నీకు?"

"కనపడుతోంది సార్. కామేశం గారి తొడ దగ్గరుంది సార్."

కమిషనర్ గారు ఎడమచేత్తో పెన్ను లాక్కుని ఏదో గీశారు. సుదర్శనం గారు దాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. పాపం, ఆయన నిజాయితీ గల మనిషి, అదే ఆయనతో వచ్చిన చిక్కు. "సార్, పాత రికార్డులో తమరి సంతకంతో సరిపోవడం లేదు."

"అయితే వేలిముద్ర వేస్తాను, తగలెయ్!"

"సంతకం ఉన్నవారి వేలిముద్ర చెల్లదు సార్. సర్క్యులర్ నలభై ఒకటి. కుడిచెయ్యి పనిచేయడం లేదని తమరు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాని మీద సంతకం..."

"ఏ దరిద్రుడు రాశాడా సర్క్యులర్?"

హాల్లో అందరూ కమిషనర్ గారి వైపే చూశారు. ఫొటోగ్రాఫరు కూడా కెమెరా దించాడు. అంతలో కౌంటరు అవతల నించి చిట్టెమ్మ, పాపం నిజంగా సాయం చేద్దామనే, గొంతు పెంచి అంది:

"ఆ బాబుగారి భుజం బాగయ్యాక వచ్చి సంతకం ఎట్టమనండి!"

నా మాట. అక్షరం పొల్లుపోకుండా నా మాట. ఇమ్మానుయేల్ గోడవైపు తిరిగాడు, భుజాలు కదిలిపోతున్నాయి. నాకు నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"సార్," అన్నాను ఆయన చెవి దగ్గరికి వంగి. వంగినప్పుడు భుజం కాస్త తిరిగింది, నేను కావాలని చెయ్యలేదని ప్రమాణం చెయ్యను. "ఒక దారుంది. 'కుడిభుజము లేవని స్థితిలో ఉన్నవారి ఎడమ బొటనవేలి ముద్ర, ఏ ఇతర ధ్రువీకరణ లేకనే, సంతకముతో సమానముగా పరిగణింపబడును. తక్షణమే అమలులోకి వచ్చును' అని తమరు ఉత్తర్వు ఇస్తే..."

"ఇచ్చాను! ఇచ్చాను! రాయండి!"

సుదర్శనం గారు టైపు చేయించి తెచ్చేసరికి ఆరు నిమిషాలు పట్టింది. మా శాఖలో ఏ ఉత్తర్వూ అంత వేగంగా పుట్టలేదు. శాఖకు చెందని సాక్షులు ఇద్దరు కావాలన్నారాయన. ఇమ్మానుయేల్ సంతకం చేశాడు. చిట్టెమ్మని లోపలికి పిలిచారు. ఏడుకొండలు ఇంకు డబ్బా తెరిచి పట్టుకున్నాడు, ఆమె జంపఖానా అంచున కూర్చుని ఎడమ బొటనవేలు ముంచింది. కమిషనర్ గారు కూడా ముంచారు. రెండు ముద్రలూ పక్కపక్కనే పడ్డాయి. ఆ వెంటనే ప్రొఫార్మా ఏడు మీదా, విడుదల ఉత్తర్వు మీదా కమిషనర్ గారి వేలు పడింది.

"ఇంక వదులు" అన్నారు కమిషనర్ గారు, నీరసంగా.

"వదులుతాను సార్. ఇదే విషయం మీద ఇంకొక ఫైలుంది." వీపు మీదున్న ఫైలు తెరిచి ఆయన ముందు పెట్టాను. "తమరి ఉత్తర్వు కింద మొదటి కేసు. అమ్మా, నువ్విక్కడ. సార్, తమరిక్కడ. వేలికి ఇంకు ఉండగానే."

ఆయన చదవకుండానే వేశారు. ఎవరైనా చదివే వేస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. పదకొండు గంటల యాభై రెండు నిమిషాలకి పత్రం చిట్టెమ్మ చేతిలో పడింది. ఆమె దాన్ని చీరకొంగులో చుట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సుస్టాండు వైపు దాదాపు పరిగెత్తింది.

నేను కాలు తీశాను. ఫైలు కింద పెట్టాను. చెయ్యి ఖాళీ అయింది. ఎదురుగా తెల్ల చొక్కా మీద నా ఎడమకాలి ముద్ర స్పష్టంగా కనిపిస్తోంది. నా కుడిచెయ్యి వెళ్లి కమిషనర్ గారి భుజాన్ని తాకి, కళ్లకి అద్దుకుంది.

"తట్టాడు!" అన్నారు కమిషనర్ గారు లేచి కూర్చుంటూ, చిన్నపిల్లాడిలా. "అందరూ చూశారుగా. రాసుకో సుదర్శనం. అభ్యర్థి చివరకు లొంగిపోయినాడు."

రాసుకున్నారు. సూపరింటెండెంటు సీటు, మళ్లీ పెట్టిన పరీక్షలో నెగ్గిన ఏడుకొండలుకి వెళ్లింది. స్టాప్లర్ వాడికి నేనే ఇచ్చాను.

ఏప్రిల్లో ఒక సోమవారం కౌంటరు మీద చప్పుడైంది. రెండుసార్లు. తలెత్తితే చిట్టెమ్మ. తట్టింది కుడిచేత్తో. నవ్వుతూ ఆ చెయ్యి తలమీదికంటా ఎత్తి, తిప్పి, దించి చూపించింది. ఆత్రేయపురం పూతరేకుల పొట్లం కౌంటరు మీద పెట్టింది. ఇంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినరోజు కూడా లేదు.

"పత్రం ముట్టినట్టు సంతకం ఎట్టి రమ్మన్నారండి ఆసుపత్రోళ్లు" అంది. రిజిస్టరు తీసిచ్చాను. కుడిచేత్తో, గుండ్రటి అక్షరాలతో, తీరిగ్గా సంతకం చేసింది.

సుదర్శనం గారు గదిలోంచి వచ్చి రిజిస్టరు చూశారు, ఫైలు చూశారు, మళ్లీ రిజిస్టరు చూశారు.

"ఇది చెల్లదమ్మా. ఇప్పుడు రికార్డులో నీ వేలిముద్ర ఉంది. కుడిభుజం లేవని వారికే వేలిముద్ర. నీకు లేస్తోంది కాబట్టి వేలిముద్ర వెయ్యడానికి లేదు. వేలిముద్ర ఉంది కాబట్టి సంతకం చెయ్యడానికి లేదు."

చిట్టెమ్మ నా వైపు చూసింది. కుడిచెయ్యి మెల్లగా లేచి, కౌంటరు చెక్క మీద రెండుసార్లు తట్టింది.

నేను పూతరేకుల పొట్లం కుడిచేతిలోకి తీసుకుని, బీరువా వెనక్కి వెళ్లి, జంపఖానా తెచ్చి సుదర్శనం గారి ముందు పరిచాను.